చెప్పుకోలేని చోటు

ఆ వీధిలో అందరూ అతన్ని అద్దాలాయన అనే పిలిచేవారు. కళ్ళద్దాల షాపు పెట్టి ఇరవై ఆరేళ్ళయింది కాబట్టి, అసలు పేరు అతనికే ఎప్పుడైనా సంతకం పెట్టేటప్పుడు గుర్తొచ్చేది. వయసు యాభై నాలుగు. సన్నటి మనిషి, మెత్తటి మాట. ఎవరి ముక్కు మీద ఏ ఫ్రేము నిలుస్తుందో, ఎవరి చెవి వెనక ఏది ఒరుసుకుంటుందో మనిషి గుమ్మం ఎక్కుతుండగానే చెప్పేయగలడు. భార్య పోయి తొమ్మిదేళ్ళయింది. పిల్లలు లేరు. షాపు పైన రెండు గదుల్లో అక్కతో కలిసి ఉంటాడు.

అక్క పెళ్ళి చేసుకోలేదు. ముప్పై ఒక్క ఏళ్ళు సిటీ బస్సులో కండక్టరుగా పనిచేసి, రోజుకి వెయ్యి మంది మొహాలు చూసి, ఒక్కడితో జీవితాంతం వేగడం కన్నా ఇంతమందితో వాళ్ళ స్టాపు వచ్చేదాకా వేగడమే సుఖమని తేల్చుకుంది. రిటైరయినా గొంతు మాత్రం రిటైర్ కాలేదు. ఇంట్లో ఉన్నది ఇద్దరే అయినా, బస్సు వెనకాల నిలబడ్డవాడికి కూడా వినబడేట్టు మాట్లాడేది.

ఎదురు షాపులోకి టైలరమ్మ వచ్చి రెండున్నరేళ్ళవుతోంది. నలభై తొమ్మిదేళ్ళ మనిషి. భర్త చాలా కాలం కిందటే ప్రమాదంలో పోయాడు. ఒక్కతే కూతురు, వేరే ఊళ్ళో ఉద్యోగం. షాపు ముందు ‘ఆడవాళ్ళ బట్టలు మాత్రమే’ అని బోర్డు పెట్టి, వీధి కనబడేట్టు తలుపుకి ఎదురుగా మిషను వేసుకుని కూర్చునేది. సూదిలో దారం ఎక్కడం లేదని ఒకరోజు అతని షాపుకొచ్చింది. పరీక్ష చేసి, దగ్గర చూపుకి అద్దాలు రాసి, నాలుగు రోజుల తర్వాత పిలిచాడు. ఫ్రేము పెట్టి, చెవుల వెనక వంపు సరిగ్గా ఉందో లేదోనని వేలితో తడిమి చూశాడు. ఆ క్షణంలో ఆమె కళ్ళు మూసుకుంది. అంతకన్నా ఏమీ జరగలేదు. అద్దాలు తీసుకుని ఆమె రోడ్డు దాటి వెళ్ళిపోయింది. కానీ ఆ సాయంత్రం అతను షాపు కట్టేసి కూడా చాలాసేపు అక్కడే స్టూలు మీద కూర్చున్నాడు. ఇన్నేళ్ళుగా రోజూ ఎవరో ఒకరి చెవుల వెనక వేలు పెడుతూనే ఉన్నాడు. ఎవరూ అలా కళ్ళు మూసుకోలేదు.

తర్వాత ఆమె నెలకోసారి స్క్రూ వదులైందని వచ్చేది. స్క్రూ గట్టిగానే ఉండేది. అతను దాన్ని ఓసారి వదులు చేసి మళ్ళీ బిగించి ఇచ్చేవాడు. ఈ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ ఆ మాట ఎత్తేవారు కాదు. పైనుంచి చూస్తున్న అక్కకి మాత్రం ఓపిక తక్కువ. ఒకరోజు తనే రోడ్డు దాటి టైలరమ్మ దగ్గర స్టూలు లాక్కుని కూర్చుంది. ఏం మాట్లాడుకున్నారో గాని, గంట తర్వాత వెనక్కొచ్చి, “మూడు నెలల్లో రిజిస్టరాఫీసులో సంతకాలు. ఆవిడ సరేనంది, నువ్వు కాదంటే కాళ్ళిరగ్గొడతా,” అని చెప్పి టీ పెట్టుకోవడానికి లోపలికెళ్ళింది.

అతనికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చినంత పనయింది. కానీ ఆ సంతోషం అడుగున ఒక ముల్లు అప్పటికే ఉంది.

అయిదు నెలల కిందట స్నానం చేస్తుండగా, పురుషాంగం కొసన, చర్మం కింద, చిన్న ఎర్రటి మచ్చ కనిపించింది. ఆ చర్మం అతనికి కుర్రతనం నుంచీ బిగుతే. పూర్తిగా వెనక్కి జరిగేది కాదు. అది అలాగే ఉంటుందనుకుని ఎవరితోనూ అనలేదు, భార్యతో కూడా. ఎర్రదనం వేడి చేసి వచ్చిందనుకున్నాడు. మందుల షాపులో కాలివేళ్ళ మధ్య ఒరుపు అని చెప్పి ఒక ఆయింట్‌మెంటు కొన్నాడు. మందులబ్బాయి రోజూ మేజోళ్ళు మార్చమని, కాళ్ళు పొడిగా ఉంచుకోమని జాగ్రత్తలు చెబితే, తలూపుతూ బుద్ధిగా విన్నాడు.

ఆయింట్‌మెంటు అయిపోయింది. మచ్చ పోలేదు. నొప్పి లేదు గనక పెద్దదేం కాదని తనకి తాను నచ్చజెప్పుకున్నాడు. ఆ తర్వాత రసి కారడం మొదలైంది. వాసన. రోజుకి మూడుసార్లు స్నానం చేసినా పోని వాసన. పెళ్ళి నెల రోజుల్లో ఉందనగా, లోపల చిక్కుడు గింజంత గడ్డ చేతికి తగిలింది. మర్నాడు లోబట్టల మీద నెత్తురు మరక.

అప్పుడైనా డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సింది. వెళ్ళలేదు. చేతి మీద పుండయితే పదిమందికీ చూపించి ఉండేవాడు. ఇది చెప్పుకోలేని చోటు. ఈ వయసులో ఎక్కడెక్కడ తిరిగాడో, అందుకే వచ్చిందంటారు. భార్య పోయాక ఏ ఆడదాని వంకా తలెత్తి చూడని మనిషి అతను. అయినా ఆ మాట ఎవరితో అని రుజువు చేసుకోగలడు? ఈ వాసనతో, ఈ నెత్తురుతో ఆమె పక్కన పడుకోవడం అనే ఆలోచనకే తలకొట్టేసినట్టయ్యేది.

పెళ్ళి మూడు వారాలుందనగా రోడ్డు దాటి వెళ్ళి, ప్రస్తుతానికి వాయిదా వేద్దామన్నాడు. ఆమె మిషను ఆపింది. ఎప్పటిదాకా అని అడిగింది. తెలియదన్నాడు.

“ఇష్టం లేకపోతే చెప్పండి,” అంది ఆమె. “నేనేం చిన్నపిల్లను కాదు. తట్టుకుంటాను.”

“ఇష్టం లేక కాదండీ.”

“మరి?”

ఆమె కాసేపు చూసింది. ఇక జవాబు రాదని అర్థమయ్యాక తల దించుకుని, సగంలో ఆగిన కుట్టు మొదలుపెట్టింది. అతను రోడ్డు దాటి వచ్చేదాకా ఆ మిషను చప్పుడు ఆగలేదు.

రెండు రోజుల తర్వాత చూస్తే ఆమె మిషనుని అటు తిప్పేసుకుంది. ఇప్పుడు అతని షాపులోంచి కనబడేది ఆమె వీపు. అతను ఆ వీపునే చూస్తూ మూడు నెలలు గడిపాడు. ఆమె మెడ వెనక జుట్టు ఎక్కడ తెల్లబడుతోందో, ఏ రంగు దారం వాడుతోందో, దీపం ఎప్పుడు వేసిందో అన్నీ తెలుసు. రోడ్డుకి అటూ ఇటూ ఇరవై అడుగులు. ఆ ఇరవై అడుగులు దాటి వెళ్ళి, “ఇదీ సంగతి” అనే రెండు మాటలు అనలేకపోయాడు. ఒకరోజు ఆమె తలుపు దగ్గరికి వచ్చినప్పుడు, మొహం మీద కొత్త అద్దాలు కనిపించాయి. వేరే ఎక్కడో చేయించుకుంది. ఎడమ పక్క కాస్త కిందికి వాలి ఉన్నాయి. అవి సరిచేయాలని వేళ్ళు గుంజినట్టయింది అతనికి. ఆ రోజంతా ఏ పనీ చెయ్యలేకపోయాడు.

అక్క మొదట తమ్ముణ్ణి తిట్టింది. తర్వాత అలిగింది. ఆ తర్వాత గమనించడం మొదలుపెట్టింది. వీడు తన బట్టలు తనే ఉతుక్కుంటున్నాడు. కుర్చీలో పక్కకి ఒరిగి కూర్చుంటున్నాడు. బాత్రూంలో గంట. మనిషి చిక్కిపోయాడు. ఒక పొద్దున అతను ఉతికిన బట్టలు బకెట్లో పట్టుకుని వస్తుంటే వంటగది గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

“ఒరేయ్, ముప్పై ఏళ్ళు టికెట్లు కొట్టాను. టికెట్ లేనివాడి మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఏం దాస్తున్నావో చెప్తేగాని ఇక్కణ్ణుంచి కదలను.”

అతను బకెట్టు కింద పెట్టాడు. అక్క మొహం చూస్తూ చెప్పలేక, వెనక్కి తిరిగి, కిటికీ వైపు చూస్తూ చెప్పాడు. చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు. మచ్చ, ఆయింట్‌మెంటు, గడ్డ, వాసన, అన్నీ. చెప్పడం అయిపోయాక అక్క తిడుతుందనుకున్నాడు. తిరిగి చూస్తే చెప్పులు వేసుకుంటోంది. “చొక్కా మార్చుకో, పద,” అంది. అంత చిన్న గొంతుతో అక్క మాట్లాడగా అతను ఎప్పుడూ వినలేదు.

ఆస్పత్రిలో మూత్ర సంబంధమైన జబ్బులు చూసే డాక్టరు దగ్గరికి పంపారు. వరుసలో అతని ముందు పదకొండు మంది. సగం మందికి పైగా మగవాళ్ళే. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా, అందరూ గోడ మీద క్యాలెండరు వంకే చూస్తూ కూర్చున్నారు. అక్క మాత్రం నర్సుని కనుక్కుని, కాగితాలు రాయించి, లోపల ఉన్నవాళ్ళు ఎంతసేపట్లో వస్తారో కూడా తెలుసుకొచ్చింది.

డాక్టరు నడివయసు మనిషి. తొందరపడలేదు. తెర వేసి, చేతి తొడుగులు వేసుకుని చూశాడు. చర్మం వెనక్కి రావడం లేదని, బలవంతం చెయ్యకుండా, చుట్టూ నొక్కి చూశాడు. తర్వాత రెండు గజ్జల్లోనూ వేళ్ళతో తడిమాడు. బట్టలు వేసుకోమని, అతను కుర్చీలో కూర్చున్నాక, ఎన్నాళ్ళయిందని అడిగాడు. పదకొండు నెలలని చెప్పడానికి అతనికి చచ్చేంత పనయింది.

“ఆలస్యంగా వచ్చానని సిగ్గుపడకండి,” అన్నాడు డాక్టరు. “ఈ జబ్బుతో వచ్చేవాళ్ళు దాదాపు అందరూ ఇంత ఆలస్యంగానే వస్తారు. ఇది క్యాన్సరు కావచ్చు. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపితే ఖాయంగా తెలుస్తుంది.”

వారం తర్వాత ఖాయమైంది. ఆ రోజు డాక్టరు ఒక కాగితం మీద బొమ్మ గీసి అన్నీ వివరించాడు. ఇది అరుదుగా వచ్చే జబ్బే గాని, రాని జబ్బు కాదు. బిగుతు చర్మం కింద ఏళ్ళ తరబడి మురికి, వాపు నిలిచిపోతే రావచ్చు. సిగరెట్టు తాగేవాళ్ళకి ఎక్కువ. అతను ముప్పై ఏళ్ళు తాగాడు. కొందరిలో ఒక రకం వైరస్సు కారణం, అతని ముక్కలో మాత్రం అది కనబడలేదు. మొదటి నెలల్లో మచ్చగా ఉన్నప్పుడే వస్తే పూత మందుతోనో లేజరుతోనో పోయేది. ఇప్పుడు కొసభాగం తీసెయ్యాలి. కొంత మిగులుతుంది. జబ్బు మొదట పాకేది గజ్జల్లోని బిళ్ళలకి, అంటే లింఫు గ్రంథులకి గనక, రెండు పక్కలా ఒకటీ అరా తీసి చూడాలి.

చివర్లో అక్కని కాసేపు బయటికి పంపమని అడిగి, అతను గొంతు తగ్గించి ఇది అంటుకుంటుందా అన్నాడు. క్యాన్సరు ఒకరి నుంచి ఒకరికి అంటుకోదని డాక్టరు చెప్పాడు. తిరుగుళ్ళ వల్లే వస్తుందనేది జనం అల్లిన మాటేనన్నాడు. అతను ఇంకా లేవలేదు.

“ఆపరేషను తర్వాత... మగవాడిగా...” అని ఆగిపోయాడు.

డాక్టరు కలం పక్కన పెట్టాడు. “కోరిక పుట్టేది అక్కడ కాదండీ. అది ఎక్కడికీ పోదు. మిగిలిన భాగానికి నెత్తురు అందుతుంది, స్పర్శ తెలుస్తుంది. మునుపటిలా ఉంటుందని మాత్రం అబద్ధం చెప్పను. చాలామంది జంటలు తమ దారి తాము వెతుక్కుంటారు. మీ జీవితంలో ఎవరైనా ఉంటే ఆవిడకి ముందే చెప్పండి. కావాలంటే ఇద్దరూ కలిసి రండి.”

అతను ఎవరూ లేరన్నాడు. మెట్లు దిగుతూ ఆ మాటని మనసులో పదిసార్లు అనుకున్నాడు. ఎవరూ లేరు. తను అనబట్టే అది నిజమైంది.

ఆపరేషను రెండు గంటల్లో అయిపోయింది. వార్డులో కళ్ళు తెరిచినప్పుడు మూత్రం గొట్టం, కట్టు, పక్కన స్టూలు మీద నిద్రపోతున్న అక్క. నొప్పి అనుకున్నంత లేదు. అయిదో రోజు నర్సు కట్టు విప్పింది. చూడాలనిపిస్తే చూడండి, వద్దనిపిస్తే ఇంకోరోజు చూద్దురుగాని అంది. అతను చూశాడు. కుట్లతో, వాపుతో, కురచగా, తనది కానట్టుగా ఉంది. మొహం గోడ వైపు తిప్పుకుని ఏడ్చాడు. నర్సు తెర లాగేసి, అతను ఆగేదాకా పక్కనే నిలబడింది. ఆ తర్వాత ఏమీ జరగనట్టే, కట్టు ఎలా కట్టుకోవాలో నేర్పింది. గొట్టం తీశాక కొన్నాళ్ళు మూత్రం చెదిరి పడుతుందని, అందాకా కూర్చుని పోసుకుంటే తేలికని, తర్వాత నిలబడి కూడా పోసుకోగలడని చెప్పింది. యాభై నాలుగేళ్ళ వాడికి మూత్రం పోయడం మళ్ళీ నేర్పుతున్నారని అతను అక్కతో అంటే, “పర్లేదు, ఈసారి గోడలు పాడుచెయ్యకుండా నేర్చుకో,” అంది అక్క. ఆపరేషను తర్వాత అతను నవ్వింది అదే మొదలు.

పరీక్షలో కుడి గజ్జ శుభ్రంగా వచ్చింది. ఎడమ పక్క ఒక బిళ్ళలో జబ్బు కణాలున్నాయి. అయిదు వారాల తర్వాత మళ్ళీ కోసి, ఆ పక్క బిళ్ళలన్నీ తీసేశారు. మిగతావన్నీ శుభ్రం. ఇక మూడు నెలలకోసారి వచ్చి చూపించుకుంటూ ఉండాలన్నారు. అయితే ఆ బిళ్ళలు లేకపోవడంతో ఎడమ కాలు నీరు పట్టి లావెక్కింది. రోజూ బిగుతు మేజోడు వేసుకోవాలి, కాలు ఎత్తు మీద పెట్టుకోవాలి, ఆ కాలికి దెబ్బ తగలనివ్వకూడదు.

ఆ రోజుల్లో మంచం మీద పడుకుని అతను ఆమెని తలుచుకున్నంతగా ఇంకేదీ తలుచుకోలేదు. జబ్బు భయం పగలు కాసేపు వచ్చి పోయేది. ఆమె మీది బెంగ మాత్రం పోయేది కాదు. కలిసి తాగని టీ, కలిసి నడవని వీధులు, ఒక్కసారి తప్ప తాకని ఆ చెవి వెనక భాగం. తను ఆరోగ్యంగా ఉన్నప్పుడే, ఆ మొదటి ఏడాదే, ఆమెని ఎందుకు అడగలేదా అని అనుకునేవాడు. అప్పుడైతే నిండు మనిషిగా వెళ్ళి ఉండేవాడు. అక్క తను వెళ్ళి చెబుతానంది. వద్దన్నాడు. చెప్పాల్సింది తనే.

రెండో ఆపరేషనయి రెండు నెలలు దాటాక, ఒక మధ్యాహ్నం, ప్యాంటు గుడ్డ ఒకటి చంకన పెట్టుకుని రోడ్డు దాటాడు. పాత ప్యాంట్లు ఎడమ కాలికి పట్టడం మానేశాయి. అది నిజమే. నిజమైనంత మాత్రాన సాకు కాకుండా పోదు.

ఆమె తలెత్తకుండానే, బోర్డు చదవలేదా అంది. చదివానన్నాడు. ఎవరూ సరిగ్గా కుట్టడం లేదన్నాడు. ఆమె లేచి టేపు తీసింది. నడుము కొలిచి, ఇంత చిక్కిపోయాడేమిటని ఒకసారి మొహంలోకి చూసింది గాని అడగలేదు. వంగి కుడి తొడ కొలిచి పుస్తకంలో రాసుకుంది. ఎడమ కాలికి అదే కొలత వేసేయబోతూ ఆగింది. టేపు చుట్టి చూసింది. మళ్ళీ చుట్టింది.

“ఈ కాలికేమైంది?”

అతను బట్టలు కత్తిరించే బల్ల అంచు పట్టుకుని నిలబడి చెప్పాడు. ఆస్పత్రిలో డాక్టరు వాడిన మాటలే వాడాడు. ఎక్కడ వచ్చిందో, ఏం తీసేశారో, ఎంత మిగిలిందో, కాలు ఎందుకు వాచిందో. పెళ్ళి ఎందుకు వాయిదా వెయ్యమన్నాడో. ఆమె నేల మీద మోకాళ్ళ మీదే ఉండిపోయి విన్నది. అతను ఆగాక నెమ్మదిగా లేచి స్టూలు మీద కూర్చుంది.

“నన్ను చేసుకుంటానన్న రోజుకి ఇది ఉందా?”

“మచ్చగా ఉంది. పోతుందనుకున్నాను.”

“వద్దన్న రోజుకి?”

“గడ్డయింది.”

ఆమె టేపుని వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్ళీ చుట్టుకుంది.

“నేనేమనుకున్నానో తెలుసా?” అంది చివరికి. “దగ్గరగా చూశాక నేను మీకు నచ్చలేదనుకున్నాను. ఇన్ని నెలలూ అద్దంలో చూసుకున్నప్పుడల్లా ఏం నచ్చలేదా అని వెతుక్కున్నాను. ఈ వయసులో ఆశపడ్డందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.”

“మీకు పనికిరానని...”

“ఏది పనికొస్తుందో నన్ను కదా అడగాల్సింది. జబ్బు రావడం మీ తప్పు కాదు. నన్ను అడక్కుండా నా తరఫున కూడా మీరే వద్దనుకోవడం మాత్రం మీరు చేసిందే.”

అతను తల దించుకున్నాడు. ఆమె అతని దగ్గర్నుంచి గుడ్డ తీసుకుని మడతపెట్టింది. శుక్రవారం రమ్మంది.

మర్నాడు అతను షాపులో ఉండగా ఆమె పైకి, అక్క దగ్గరికి వెళ్ళింది. మేడ మీద ఒకరు గట్టిగా, ఒకరు నెమ్మదిగా మాట్లాడుకోవడం కిందికి వినబడుతూనే ఉంది. గట్టి గొంతు ఒక్కసారి ఆగిపోయింది. అక్క ఏడ్చిందని అతనికి తర్వాత తెలిసింది. వార్డులో ఉన్నన్నాళ్ళూ కన్ను తడి చేసుకోని మనిషి, టైలరమ్మ ముందు కూర్చుని ఏడ్చిందట.

శుక్రవారం ప్యాంటు తీసుకోవడానికి వెళ్తే, ఎడమ కాలు వదులుగా, బయటికి తేడా తెలియకుండా కుట్టి ఉంది. వేసుకుని చూడమంది. సరిగ్గా సరిపోయింది.

“ఇప్పుడే నన్నేమీ అడక్కండి,” అంది ఆమె. “నా కోపం ఇంకా తీరలేదు. మళ్ళీ ఆస్పత్రికి ఎప్పుడు?”

వచ్చే నెల పదో తారీకని చెప్పాడు. ఆ రోజు అతనూ అక్కా బయల్దేరేసరికి ఆమె షాపుకి తాళం వేసి రోడ్డు మీద నిలబడి ఉంది. అక్క వాళ్ళిద్దర్నీ చూసి, తనకి మోకాళ్ళ నొప్పిగా ఉందని, ఎప్పుడూ లేని నొప్పి ఒకటి చెప్పి వెనక్కి వెళ్ళిపోయింది.

డాక్టరు గజ్జలు, కాలు, మిగిలిన భాగం అన్నీ చూసి బాగుందన్నాడు. ఆమె సంచిలోంచి ఒక కాగితం తీసింది. అడగాల్సినవన్నీ రాసుకొచ్చింది. మళ్ళీ వచ్చే అవకాశం ఎంత, వస్తే ముందు ఏం కనిపిస్తుంది, మేజోడు ఎన్నేళ్ళు, దాంపత్యానికి అడ్డేమైనా ఉందా. ఆఖరి ప్రశ్న కూడా మిగతా వాటిలాగే, గొంతు తగ్గించకుండా చదివింది. చెవుల దాకా ఎర్రబడింది అతనే. మొదటి రెండేళ్ళూ జాగ్రత్తగా చూసుకోవాలని, ప్రతినెలా గజ్జలు తడిమి చూసుకోవడం నేర్చుకోమని, దాంపత్యానికి అడ్డేమీ లేదని డాక్టరు చెప్పాడు. ఆమె వయసు ఆడవాళ్ళు ఎలాగూ చేయించుకోవాల్సిన గర్భాశయ ముఖద్వార పరీక్ష ఇంతవరకు చేయించుకోకపోతే, అదీ చేయించుకోమన్నాడు. ఆమె ఆ రోజే చేయించుకుంది.

నాలుగు నెలల తర్వాత రిజిస్టరాఫీసులో సంతకాలు పెట్టారు. ఆమె కూతురు వచ్చింది, అక్క సాక్షి సంతకం చేసింది.

పెళ్ళితో అంతా చక్కబడిపోలేదు. మొదటి నెల అతను తలుపు గడియ వేసుకుని బట్టలు మార్చుకునేవాడు. మంచంలో ఆమె వైపు వీపు పెట్టి పడుకునేవాడు. ఇన్నేళ్ళు ఏ మనిషి పక్కన ఉండాలని తపించాడో ఆ మనిషి ఊపిరి మెడకి తగులుతుంటే, అటు తిరగడానికి ధైర్యం చాలేది కాదు. ఆమె తొందరపెట్టలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం, కిటికీలోంచి వెలుతురు మంచం మీద పడుతుండగా, నన్ను చూడనివ్వండి అంది. అతను చాలాసేపటి తర్వాత చూడనిచ్చాడు. ఆమె మొహం తిప్పుకోలేదు. నొప్పిగా ఉంటుందా అని అడిగింది. లేదన్నాడు. అరచెయ్యి అక్కడ పెట్టి అలాగే ఉంచింది. డాక్టరు చెప్పినట్టే స్పర్శ తెలిసింది. తెలియడమే కాదు, ఎప్పుడో చచ్చిపోయిందనుకున్నదేదో ఒంట్లో మెల్లగా కదిలింది. అతను మోచేతితో కళ్ళు కప్పుకున్నాడు. ఆమె అతని చెయ్యి కళ్ళ మీంచి తీసేసింది.

తర్వాత్తర్వాత నేర్చుకున్నారు. కొన్ని రోజులు బాగుండేవి. కొన్ని రోజులు అతను మధ్యలో ఆగిపోయి అటు తిరిగేవాడు. అప్పుడప్పుడు సగం నిద్రలో, పోయిన భాగం ఉన్నట్టే తోచేది. మెలకువ వచ్చాక కాసేపు తనకే కొత్తగా ఆ సంగతి తెలిసినట్టుండేది. ఒకరోజు ఆ మాట ఆమెకి చెప్పాడు. రెండేళ్ళ ముందే నిన్ను అడిగి ఉంటే ఎంత బాగుండేదో అన్నాడు. ఆమెని నువ్వు అనడం అప్పటికి అలవాటయింది.

“నాకూ ఉంది ఆ ఆశ,” అంది ఆమె. “నేను చూడని ఆ మనిషి ఎలా ఉండేవాడా అని అనుకుంటూ ఉంటాను. మీరు పక్కన ఉండగానే.”

ఆ మాటకి తనకి కష్టం వేస్తుందనుకున్నాడు గాని, వెయ్యలేదు. ఇంతకాలం ఆ బెంగ తన ఒక్కడిదే అనుకున్నాడు.

రెండేళ్ళు నిండిన పరీక్షకి ఇద్దరూ వెళ్ళారు. ప్రతిసారిలాగే ముందు రెండు రోజులు అతనికి నిద్ర లేదు, ఆమె కుట్టినవి విప్పి మళ్ళీ కుట్టింది. వరుసలో వాళ్ళ పక్కన ఓ పాతికేళ్ళ మనిషి ఒంటరిగా, క్యాలెండరు వంక చూస్తూ కూర్చున్నాడు. అద్దాలాయన అతని వైపు జరిగి, తను ఇక్కడికి రెండేళ్ళుగా వస్తున్నానని, ఆ డాక్టరు మంచివాడని, ఏం ఉన్నా దాచకుండా చెప్పమని అన్నాడు. కాసేపటికి ఆ మనిషి, మీకు ఏమిటని అడిగాడు. అద్దాలాయన ఆ జబ్బు పేరు మామూలు గొంతుతో చెప్పాడు. పక్క కుర్చీల్లో ఇద్దరు తలెత్తి చూశారు. చూడనీ అనుకున్నాడు.

అంతా శుభ్రంగా ఉందని, ఇక ఆర్నెల్లకోసారి వస్తే చాలునని డాక్టరు చెప్పాడు. బయటికొచ్చాక ఆమె నడుద్దామంది, నడక కాలికి మంచిది. ఆ కాలుతో అతను వేగంగా నడవలేడు, ఆమె అడుగు తగ్గించుకుంది. సాయంత్రపు ఎండలో రోడ్డు పక్కన ఇద్దరూ మెల్లగా వెళ్తుంటే, పక్కనుంచి ఒక పడుచు జంట ఒకరి నడుము ఒకరు పట్టుకుని నవ్వుకుంటూ ముందుకు వెళ్ళిపోయింది. అతను వాళ్ళని కనుమరుగయ్యేదాకా చూశాడు. ఆమె కూడా చూసింది. కాసేపయ్యాక అతనే చెయ్యి చాచి ఆమె నడుము చుట్టూ వేశాడు. నలుగురూ చూస్తారని ఆమె గొణిగింది గాని, తీసెయ్యమనలేదు. ఇల్లు ఇంకా చాలా దూరం ఉంది.